ఫొటోలో పగ్గం ముడి చూశారా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో ఇంటి దగ్గర గుర్రాన్ని పెంచుకోవడం గురించి పేజీ నిండా వేశారు. సంతోషం. పేపర్లో గుర్రం కనిపించాలంటే ఏ పందెమో జరగాలి, లేకపోతే ఎవరో మహారాజు విగ్రహం కింద ఉండాలి. ఈసారి ఇంటి గుర్రానికి చోటిచ్చారు. కానీ పేజీ తెరవగానే మా ఆవిడ ఫొటో మీద వేలు పెట్టి "ఏమండీ, పగ్గం!" అంది. చూద్దును కదా, గుర్రాన్ని కళ్లెపు పగ్గాలతోనే చెట్టుకు కట్టేశారు. అదీ ముడి మీద ముడి వేసి.

కళ్లెం కడ్డీ ఆనేది గుర్రం నోట్లో ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉండే ఖాళీ చిగురు మీద. దాని కింద ఎముక, పైన పల్చటి చర్మం, అంతే. గుర్రం బెదిరిందంటే ముందుగా చేసే పని తల ఎత్తి వెనక్కి గుంజడం. అప్పుడు పగ్గం తెగితే మన అదృష్టం. తెగకపోతే నాలుక తెగుతుంది, దవడకు దెబ్బ తగులుతుంది. కట్టాలనుకుంటే కళ్లెం తీసేసి, నోట్లో ఏమీ ఉండని తలపట్టీ, అదే హాల్టర్, తొడిగి దాని తాడుతో కట్టాలి. ముడి ఒక్క లాగుకి ఊడిపోవాలి. మేమైతే గోడ కొక్కేనికి నేరుగా కట్టం. కొక్కేనికి పురికొసతో చిన్న ఉంగరం చుట్టి దానికి కడతాం. ఎప్పుడైనా గట్టిగా గుంజితే ముందు పురికొస తెగుతుంది. ఇప్పటికి ఆరో ఏడో ఉంగరాలు పోయాయి. గుర్రం మెడ బాగానే ఉంది.

ఫొటో ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. వ్యాసంలో మూడు మాటలున్నాయి. రోజుకు అరగంట శ్రద్ధ చాలన్నారు. రెండు పూటలా దాణా పెడితే సరిపోతుందన్నారు. గుర్రం నిలబడే నిద్రపోతుంది కాబట్టి ఇరుకు కొట్టమైనా ఫరవాలేదన్నారు. రాసినవారి మీద నాకు కోపం లేదు. మొదట్లో నేనూ ఈ మూడింటినీ తు.చ. తప్పకుండా పాటించాను. దాని ఫలితం నా గుర్రం అనుభవించింది. అందుకే రాస్తున్నాను.

నేను ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ని. గుర్రం ఎక్కాలన్నది చిన్నప్పటి కోరిక. తీరిక చిక్కేసరికి మోకాళ్లు అరిగాయి. అయినా చుక్కను తెచ్చుకున్నాను. ఎర్రటి ఆడగుర్రం, నాలుగు వందల కిలోల బరువు, నుదుట తెల్లని చుక్క. అమ్మినాయన చెప్పిన విద్య అంతా చిన్న కాగితం ముక్క మీద పట్టింది. పొద్దున దాణా, సాయంత్రం దాణా, మధ్యలో ఒక బకెట్ నీళ్లు, కాస్త ఎండుగడ్డి. ఇంతేనా అనుకున్నాను. స్కూల్లో ఆరో తరగతిని అదుపులో పెట్టినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను కూడా.

అయిదో నెలలో ఒక సాయంత్రం చుక్క ముందుకాలితో నేలను గీరడం మొదలుపెట్టింది. కాసేపు గీరి, మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పైపెదవి పైకి మడుస్తోంది. ఆకలేమో అనుకుని ఇంకో డబ్బా దాణా తెచ్చి తొట్టిలో పోశాను. ముట్టలేదు. పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుని దొర్లబోయింది. మెడంతా చెమట. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఆకలైతే పొట్ట చూసుకుంటుందా? అది నొప్పండీ" అని, నేను ఇంకా తొట్టి సర్దుతుండగానే డాక్టరుకు ఫోను చేసింది.

ఆయన ఫోన్లోనే అడిగారు. "మాస్టారూ, లద్ది ఎప్పుడు వేసింది?" నాకు తెలియదు. "చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి?" ఎప్పుడూ చూడలేదు. "పక్కటెముకలు అయిపోయిన చోట, డొక్క మీద చెవి ఆనించి వినండి." ఆనించాను. వెచ్చగా, తడిగా ఉంది. లోపల ఏమీ లేదు. పాడుబడిన బావిలోకి వంగి విన్నట్టుంది. "ఏమీ వినపడట్లేదు డాక్టరు గారూ" అన్నాను. "వినపడాలి మాస్టారూ. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడలాడుతూనే ఉంటుంది. ముందు ఆ దాణా తొట్టి తీసేయండి. వస్తున్నాను" అన్నారు.

వచ్చీ రాగానే దవడ కింద వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టారు. అరవై ఎనిమిది. ఊరికే నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలట. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, భుజం దాకా తొడుగు వేసుకుని వెనకనుంచి చెయ్యి పెట్టి చూశారు. పెద్దపేగు ఇరుకుగా మలుపు తిరిగే చోట ఎండుగడ్డి ముద్దకట్టి గట్టిపడింది. శూలనొప్పి, డాక్టర్ల మాటలో కోలిక్. తర్వాత ముక్కులోంచి పొడుగాటి గొట్టం కడుపులోకి దించారు. దాన్ని చూడలేక నేను మొహం తిప్పుకుంటే, "ఇది తప్పదు. మనకైతే కడుపులో తేడా చేస్తే వాంతి అవుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. దిగింది దిగినట్టే పేగుల్లోకి పోవాలి, లేదంటే కడుపు పగిలిపోతుంది" అన్నారు. గొట్టంలోంచి ఏమీ వెనక్కి రావడం లేదని చూసుకుని నీళ్లూ మందూ పోశారు.

తెల్లవార్లూ విడతలు విడతలుగా నెమ్మదిగా నడిపించాం. మూడు దాటాక డొక్కలో ఎక్కడో ఒక బుడగ పేలిన చప్పుడు. తర్వాత ఇంకోటి. వెలుగు రేఖ పడే వేళకు చుక్క తోక ఎత్తింది. లద్ది నేల మీద పడ్డ శబ్దం విని, ఇద్దరు పెద్దమనుషులం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని ఊపేశాం. ఫస్ట్ క్లాసు వచ్చిన పిల్లలు కూడా అంత సంబరపడి ఉండరు.

టీ తాగుతూ డాక్టరు చెప్పిన పాఠం ఇది. అంత పెద్ద జంతువుకు కడుపు చిన్నది, ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పడితే ఎక్కువ. బయట వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది, కొంచెం కొంచెంగా. మేత ఉన్నా లేకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దానికి విరుగుడు లాలాజలం, అదేమో నమిలినప్పుడే ఊరుతుంది. రెండు పూటల దాణా గుర్రం పావుగంటలో నమిలేస్తుంది. మిగిలిన గంటలన్నీ ఖాళీ కడుపు, ఆమ్లం, పుండ్లు. పైగా గింజలు ఒక్కసారిగా ఎక్కువ పోస్తే అరగని పిండి పెద్దపేగుకు చేరి పులుస్తుంది. అది ఎక్కడికో పోయి డెక్కల్లో వాపు తెస్తుంది. నీళ్లు తక్కువై, కదలకుండా ఒకేచోట ఉంటే ఎండుగడ్డి చుక్కకు అయినట్టు ముద్దకడుతుంది. "మీరు దానికి తిండి తక్కువ పెట్టలేదు మాస్టారూ. తినే టైము తక్కువ పెట్టారు" అన్నారాయన.

ఆ రోజునుంచి మా ఇంట్లో లెక్క మారింది. బరువులో వందకు రెండు పాళ్లు చొప్పున రోజుకు ఎనిమిది కిలోల గడ్డి, తూకం వేసి నాలుగు విడతలుగా. చిన్న కన్నుల వలసంచిలో కూరి వేలాడదీస్తే లాక్కుని లాక్కుని తింటుంది, గంటలు గడుస్తాయి. గింజలు రెండు గుప్పిళ్లు, అదీ మందు కలపడానికి. నీళ్లకు రెండు తొట్లు. వాటి లోపలి గోడకు పెయింటుతో అయిదేసి లీటర్ల గీతలు గీశాను. మామూలు రోజు ముప్ఫై లీటర్లు తాగుతుంది, ఎండ మండితే ఇంకా ఎక్కువ. పొద్దున్నే గీత చూసి నోటుబుక్కులో రాస్తాను. గీత దిగకపోతే నాకు కాఫీ దిగదు.

పళ్ల మాటా చెప్పాలి. పనీపాటా లేనివాణ్ని "గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా" అని ఎగతాళి చేస్తాం. ఆ సామెత పుట్టించినవాడు గుర్రాన్ని సాకి ఉండడు. గుర్రం పళ్లు ముసలితనం దాకా చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి, నమిలేకొద్దీ అరుగుతూ ఉంటాయి. సమంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్ని కోస్తాయి. అప్పుడు సరిగ్గా నమలదు, నమలని గడ్డి మళ్లీ పేగులో ముద్దకడుతుంది. ఏడాదికోసారి డాక్టరు ఆకురాయితో రాస్తారు. గుడ్డిదైనా సరే, రాయించాల్సిందే.

ఇక నిద్ర సంగతి. గుర్రం నిలబడి కునుకు తీస్తుందన్నది నిజమే. వెనక కాళ్లలో మోకాలిచిప్పను కొక్కెంలా తగిలించుకుని, కండరాలకు శ్రమ లేకుండా నిలబడగలదు. కానీ గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర, పడుకుంటేనే పడుతుంది. రోజులో అరగంటో గంటో చాలు, కానీ అది ఉండి తీరాలి. శూలనొప్పి తగ్గాక మళ్లీ చూడటానికి వచ్చినప్పుడు డాక్టరు చుక్క ముందుకాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, డెక్కకు పైన కీలు ముందువైపు ఎండిన పుండ్లు చూపించారు. రెండు కాళ్లకీ ఒకే చోట, ఒకే సైజులో. నేను గోడకు తగిలి గీసుకుపోయాయేమో అనుకుని పసుపు రాస్తున్నాను. "ఇది రాత్రిపూట పడుకోవడం లేదు మాస్టారూ. నిలబడే గాఢనిద్రలోకి జారిపోతోంది, కాళ్లు మడతపడి ముందుకు తూలుతోంది, మళ్లీ ఉలిక్కిపడి లేస్తోంది" అన్నారు. ఎందుకు పడుకోదు? కొట్టం ఇరుకు. దానికి మించి, ఒంటరి. గుంపులో బతికే జీవి, కాపలా కాసే తోడు లేకపోతే నేల మీద ఒళ్లు వాల్చడానికి భయపడుతుంది.

మా ఆవిడ ఆ మాట విని ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత, సవారీకి పనికిరాడని ఎవరో వదిలించుకోబోతున్న ముసలి గుర్రం గురించి కబురు తెచ్చింది. ఇరవై రెండేళ్లవాడు, విత్తులు తీయించిన మగ గుర్రం, వీపు కాస్త వంగింది, కింది పెదవి వేలాడుతుంది. మా మనవరాలు చూసిన వెంటనే "తాతలా ఉన్నాడు" అంది. పక్కనే నేను నిలబడి ఉన్నానన్న మొహమాటం కూడా లేకుండా. పేరు అదే ఖాయమైంది. కొట్టం మధ్య గోడ కొట్టించి, నేల మీద మందంగా గడ్డి పరిపించాను. మొదటి రోజు ఇద్దరూ చెవులు వెనక్కి వాల్చి ఒకరినొకరు బెదిరించుకున్నారు. నాలుగో రోజుకు ఒకరి జూలు ఒకరు పళ్లతో గోకుతూ కనిపించారు. పదో రోజు పొద్దున నేను తలుపు తీసేసరికి చుక్క తోకలో గడ్డిపరకలు, కుడి పక్కంతా లద్ది మరక. ఇంత చక్కటి మరకను నేను ఇంతకుముందు చూడలేదు. పుండ్లు నెలలో మానాయి.

అరగంట శ్రద్ధ దగ్గరికి వస్తాను. రెండు గుర్రాలకు రోజూ ముప్ఫై, నలభై కిలోల లద్ది అవుతుంది. దాన్ని ఎత్తి గుంతలో వెయ్యడానికే నాకు నలభై నిమిషాలు. తర్వాత ఒళ్లు రుద్దాలి. ముందు పళ్ల దువ్వెనతో గుండ్రంగా, తర్వాత గట్టి కుంచెతో, చివర మెత్తటి గుడ్డతో. ఇది సోకు కోసం కాదు. చెయ్యి పోతుంటే ఎక్కడ వాచిందో, ఎక్కడ వేడిగా ఉందో, ఏ ముల్లు గీసుకుందో తెలుస్తుంది. ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది. టీకా వేయించినా చిన్న గాయాన్ని సైతం వదలకూడదు.

అన్నిటికన్నా నేను ఆలస్యంగా నేర్చుకుంది డెక్కల పని. ఒక ఉదయం సవారీలో చుక్క కుంటుతున్నట్టు అడుగు తేలిగ్గా వేసింది. వెంట ఉన్న మిత్రుడు నవ్వి, "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందట, నాలుగు తగిలించండి మాస్టారూ" అన్నాడు. నాకూ పౌరుషం వచ్చి మడమలు నొక్కాను. ఓ పది గజాలు పోయి ఆగిపోయింది. దిగి కాలు ఎత్తి చూస్తే, అరికాలి మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం ఉంటుంది (ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రాగ్ అంటారు, కప్పకూ దానికీ పోలిక నాకైతే కనపడలేదు), దాని పక్క గాడిలో రేగుపండంత గులకరాయి ఇరుక్కుని ఉంది. జేబులో తాళంచెవితో తీశాను. తీయగానే గుర్రం ఊపిరి వదలడం చేతికి తగిలింది. సామెత చెప్పిన మిత్రుడూ నేనూ ఇంటిదాకా నడిచే వచ్చాం, చుక్కను పట్టుకుని.

ఇప్పుడు ఎక్కేముందు, దిగాక, నాలుగు కాళ్లూ ఎత్తి కొక్కెంతో మడమ నుంచి కొన వైపు గీరి తీస్తాను. ముక్కుతో కూడా చూస్తాను. మంచి డెక్కకు మట్టి వాసన ఉంటుంది. కుళ్లు వాసనతో నల్లటి జిగురు కనిపిస్తే తడినేల మీద నిలబడి పుచ్చుతోందన్నమాట. గోడలా ఉండే పైపెంకు నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. కొత్తది పైనుంచి కొన దాకా దిగడానికి ఏడాది దగ్గర పడుతుంది. అంటే ఈ రోజు నేను చేసే తప్పు వచ్చే ఏడాది దాకా కనిపిస్తూనే ఉంటుంది. ఆరేడు వారాలకోసారి లాడాలు కొట్టే అతను వచ్చి చెక్కి వెళ్తాడు. ఆయన చుక్క కాలు ఒళ్లో పెట్టుకుని పని చేస్తుంటే నేను తల పట్టుకోవాలి. ఆ అరగంటలో ఆయన నన్ను ఎన్ని తిట్లు తిడతాడో అవన్నీ చుక్క చెవిలో చెబుతున్నట్టే ఉంటుంది.

సవారీ నా రోజులో నలభై నిమిషాలు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో వందకు ఇరవై పాళ్లు దాటకూడదని ఒక లెక్క ఉంది. చుక్కకు అది ఎనభై కిలోలు. నేను డెబ్భై నాలుగు, జీను ఎనిమిది. రెండు కిలోల కోసం మా ఆవిడ నా రాత్రి భోజనం తగ్గించింది. గుర్రం మీద ప్రేమో, నా మీద కక్షో తేలలేదు. జీను వేశాక మెడ వీపును కలిసే చోట ఉండే ఎత్తు ఎముక మీద రెండు మూడు వేళ్లు దూరే సందు ఉండాలి. నడుంపట్టీ బిగించేటప్పుడు చుక్క తెలివిగా ఛాతీ ఉబ్బిస్తుంది. నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించకపోతే జీనుతో సహా నేను పక్కకు జారతాను. ఒకసారి జారాను కూడా. దిగాక జీను కింద చెమట మరక చూస్తాను. అంతా తడిసి మధ్యలో ఒకచోట పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతోందని అర్థం. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే పక్షవాతం వస్తుందని నాకు ఎందరో చెప్పారు. రాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఎండకు అలసిన గుర్రాలను చల్లబరచింది చన్నీళ్లతోనే.

మనం గుర్రాన్ని చూడటమే కాదు, అదీ మనల్ని చూస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ నాలాంటి లెక్కల మాస్టారే. కూడికలు అడిగితే డెక్కతో తట్టి జవాబు చెప్పేది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు సంగతి తేల్చాడు. అడిగినవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి ఎదుటి మనిషి తల, ఒళ్లు తెలియకుండానే రవ్వంత కదిలేవి, గుర్రం అది చూసి ఆగేది. లెక్క రాలేదని అందరూ నవ్వారట. మనిషి ఒంట్లో రవ్వంత కదలికను పట్టుకోవడం లెక్కకన్నా తక్కువ విద్యా? నేను గట్టుమీద కుక్కను చూసి భయపడితే, భయపడ్డానని నాకు తెలిసేలోపే చుక్క చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఊపిరి వదిలితే అదీ వదులుతుంది. పగ్గం లాగి నేర్పిన పాఠాలకన్నా ఊపిరి వదిలి నేర్పినవి ఎక్కువ నిలిచాయి.

నా విన్నపం ఒక్కటే. వచ్చే వారం ఓ మూలనైనా సరే, రెండు వాక్యాల సవరణ వెయ్యండి. పగ్గంతో కట్టకూడదనీ, రెండు పూటల దాణాతో, ఒంటరిగా గుర్రం బతకలేదనీ. ఆ పేజీ చూసి ఎవరో ఒకరు ఇప్పటికే బేరం మొదలుపెట్టి ఉంటారు.

మళ్లీ ఫొటో కావాలంటే మీ ఫొటోగ్రాఫర్ని పంపండి. చుక్క పడుకున్న ఫొటో అయితే తెల్లవారుజామున మూడూ నాలుగు మధ్య రావాలి. చెప్పులు విడిచి రమ్మనండి. తాత మేలుకునే ఉంటాడు. వాడు ఒక్కసారి సకిలించాడంటే ఆమె లేచి నిలబడుతుంది, ఇక ఆ రోజుకు ఫొటో లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక రిటైర్డు లెక్కల మాస్టారు